సందు, విరిగిన మూల, ఫ్లోరైడ్ మచ్చలు: ముందు పళ్ళకు బాండింగ్ ఏ వరుసలో చేయించుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 24. నల్లగొండ వైపు బోరు నీళ్ళు తాగి పెరిగారు. పై ముందు పళ్ళు రెండింటి మధ్య దాదాపు 2 మిల్లీమీటర్ల సందు ఉంది. ఎడమ పంటి మూల చిన్న ముక్క విరిగింది. పళ్ళ మీద తెల్ల మచ్చలు, అక్కడక్కడ గోధుమరంగు చారలు ఉన్నాయి. ఒక డాక్టరు ఒక్క సిట్టింగులో కాంపోజిట్ బాండింగ్ (పంటి రంగు రెజిన్ పదార్థాన్ని పంటి మీద పొరలుగా వేసి గట్టిపరచడం) చేస్తానన్నారు, ఇంకొకరు నాలుగు పళ్ళకు సిరామిక్ వెనీర్లు (పంటి ముందు అంటించే పల్చటి పింగాణీ పెంకులు) వేయించుకోమన్నారు. పెళ్ళికి నాలుగు నెలల టైముంది.

మీ వయసుకి, మీరు చెప్పిన సమస్యలకి బాండింగే సరైన దారి. అయితే మొదటి సిట్టింగులోనే చేయించుకోవద్దు. ముందు మచ్చల పని, తర్వాత పళ్ళ రంగు, అన్నీ కుదిరాక చివర్న బాండింగ్. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన మెటీరియల్ వాడినా ఏడాది తిరక్కుండా తేడా కనబడుతుంది.

వెనీర్లు ఎందుకొద్దంటున్నానో ముందు చెప్తాను. సిరామిక్ వెనీరుకి చోటు కావాలంటే సాధారణంగా పంటి ముందు భాగం 0.3 నుంచి 0.7 మి.మీ. దాకా అరగదీయాలి. ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, మళ్ళీ పెరగదు. వెనీర్లు బాగా వేస్తే 10 నుంచి 15 ఏళ్ళు వస్తాయి, రంగు మారవు, అది నిజం. కానీ మీకు నలభై రాకముందే మళ్ళీ మార్పించుకోవాలి. మార్చిన ప్రతిసారీ పన్ను మరికాస్త అరుగుతుంది. బాండింగ్‌లో సందు మూయడానికి పంటిని దాదాపు కోయక్కర్లేదు. కాంపోజిట్ 5 నుంచి 7 ఏళ్ళలో ఎక్కడో ఒకచోట రిపేరు అడుగుతుంది. అప్పుడు ఆ ముక్క వరకు గరుకు చేసి, దాని మీదే కొత్తది వేయొచ్చు. ముప్పై ఐదేళ్ళకు వెనీర్లే కావాలనిపిస్తే, అప్పటికి మీ ఎనామిల్ మీ దగ్గరే ఉంటుంది.

బాండింగ్ ఎలా అంటుకుంటుందో తెలిస్తే మీ కేసులో మెలిక ఎక్కడుందో అర్థమవుతుంది. ఇది బంకతో అతికించడం కాదు. ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ ఆసిడ్ పెడితే కంటికి కనబడని రంధ్రాలు ఏర్పడతాయి, వాటిలోకి రెజిన్ దిగి గట్టిపడి పట్టుకుంటుంది. ఇలా ఆసిడ్ పెడితే పట్టు బాగా పెరుగుతుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే డెంటిస్టు చూపించాడు. ఇప్పుడు 37 శాతం ఆసిడ్ జెల్‌ని మామూలు ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు ఉంచుతారు. కడిగి ఆరబెట్టాక ఆ చోటు సుద్ద రాసినట్టు తెల్లగా, మెరుపు లేకుండా కనబడాలి. అలా కనబడిందంటే పట్టు దొరికినట్టే.

మీ మచ్చలు ఫ్లోరోసిస్, అంటే చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగడం వల్ల వచ్చినవి. ఫ్లోరోసిస్ పంటికి పైపొర మామూలు ఎనామిల్ కంటే ఆసిడ్‌కి గట్టిగా నిలబడుతుంది, దాని కింది పొర మాత్రం గుల్లగా ఉంటుంది. అందుకే మామూలు టైముకి ఆసిడ్ కడిగేస్తే ఆ సుద్ద తెలుపు సరిగా రాదు. రాకపోయినా పని కానిస్తే, బాండింగ్ అంచులు కొద్ది నెలల్లోనే లేస్తాయి. మన ప్రాంతాల పళ్ళకు ఇది ప్రత్యేకంగా తెలిసుండాల్సిన విషయం. దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించి రాసిందే 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఇలాంటి పంటికి ముందు పైపొరని 50 మైక్రాన్ల అల్యూమినియం ఆక్సైడ్ పొడితోనో, సన్నని డైమండ్ బర్‌తోనో (అరగదీసే మొన) తేలిగ్గా గరుకు చేయాలి. ఆసిడ్‌ని నిమిషం దాకా ఉంచాలి. తెలుపు రాకపోతే మరోసారి పెట్టాలి. ఇలా ఆసిడ్ పెట్టడాన్నే ఎచింగ్ అంటారు. మీ డాక్టరుని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఫ్లోరోసిస్ ఉంది కదా, ఎచింగ్ ఏమైనా మారుస్తారా?" సమాధానం తడుముకోకుండా రావాలి.

ఇక సందు. సందు ఎందుకొచ్చిందో తేలకుండా మూయకూడదు. చిన్నప్పటి నుంచీ అలాగే ఉంటే పెద్దగా భయం లేదు. ఈ రెండు మూడేళ్ళలో పెరిగితే మాత్రం అది చిగుళ్ళ జబ్బు వల్ల పళ్ళు కదులుతున్న గుర్తు కావచ్చు. అప్పుడు ముందు చిగుళ్ళకు వైద్యం చేయించాలి. పై పెదవిని పైకి లాగి చూడండి. రెండు పళ్ళ మధ్య చిగురు తెల్లగా పాలిపోతే, ఫ్రీనమ్ అనే కండపొర బాగా కిందికి దిగి ఉన్నట్టు. మింగేటప్పుడు నాలుక పళ్ళని ముందుకి తోస్తుందా, పక్క పళ్ళు మరీ చిన్నవా, ఎముకలో అదనపు పన్నేమైనా దాగి ఉందా అనేవి డాక్టరు పరీక్షలో, ఎక్స్-రేలో తేలతాయి. నాలుక తోసే అలవాటు ఉంటే, సందు మూసినా మరోచోట ఇంకో సందు వస్తుంది.

2 మి.మీ. సందు మూయొచ్చా అనేది లెక్కతో తేలే విషయం. చూడ్డానికి బాగుండే పై ముందు పంటి వెడల్పు దాని పొడవులో 75 నుంచి 80 శాతం ఉంటుంది. మీ పన్ను 8 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. పొడవు ఉందనుకుందాం. అది 80 శాతం. 2 మి.మీ. సందుని రెండు పళ్ళకూ సమంగా పంచితే ఒక్కోటి 9 మి.మీ. అవుతుంది, అంటే 90 శాతం. పన్ను పలకలా కనబడుతుంది. సందు 1 మి.మీ. అయితే 85 శాతం దగ్గర ఆగేది, ఎవరూ గమనించరు. కాబట్టి 2 మి.మీ. అనేది హద్దు మీద ఉన్న కేసు.

హద్దు మీదున్నప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కొరికే అంచున అర మిల్లీమీటరు నుంచి ముప్పావు వరకు పొడవు పెంచొచ్చు. అయితే కింది పళ్ళు తగిలే తీరు దానికి ఒప్పుకోవాలి, "ఫ", "వ" పలికేటప్పుడు అంచు కింది పెదవికి అడ్డం రాకూడదు. పంటి ముందు తలం పక్కలకు వంగే గీతలని పాత చోటే ఉంచితే, వెడల్పు పెరిగినా కంటికి సన్నగానే అనిపిస్తుంది. వెలుగు ఆ గీతల మధ్యే పడి తిరిగి వస్తుంది కాబట్టి కన్ను వాటినే పంటి వెడల్పుగా చదువుతుంది. చేయి తిరిగిన డాక్టరు ఈ ఉపాయంతోనే చాలా దాచగలరు. కేవలం రెండు పళ్ళ మీద భారమంతా వేయకుండా, క్లిప్పులతోనో అలైనర్లతోనో (పళ్ళని జరిపే పారదర్శక ట్రేలు) సందు కొంత తగ్గించి మిగిలింది బాండింగ్‌తో మూయడం అన్నిటికంటే అందంగా వస్తుంది. కానీ పళ్ళు జరిపాక లోపలి వైపు సన్నని తీగ శాశ్వతంగా అంటించాలి, లేకపోతే సందు మళ్ళీ తెరుచుకుంటుంది. నాలుగు నెలల్లో ఇదంతా తొందర అవుతుంది. తొందరపెట్టి పళ్ళు జరిపించుకోవద్దు.

చిగురు దగ్గర నల్లటి త్రికోణం మిగలడం సందు మూసే పనిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే లోపం. దీనికీ కొలత ఉంది. రెండు పళ్ళు తాకే చోటు నుంచి చిగురు లోపలి ఎముక దాకా దూరం 5 మి.మీ. లోపుంటే చిగురు ఆ ఖాళీని దాదాపు ఎప్పుడూ నింపుతుందనీ, 6 మి.మీ. అయితే సగానికి కాస్త ఎక్కువ సార్లు మాత్రమే నింపుతుందనీ 1992లో టార్నో బృందం కొలిచి చెప్పింది. కాబట్టి కొత్త కాంపోజిట్ చిగురు కిందనుంచే మెల్లగా ఉబ్బుతూ రావాలి, తాకే చోటు తగినంత చిగురు వైపుకి జరగాలి. ఇందుకోసం చిగురు అంచులో సన్నని దారం దూర్చి చిగురుని పక్కకి ఒత్తి పనిచేస్తారు. ఆ ఉబ్బు చివర చిన్న మెట్టు మిగిలినా గార పట్టి, చిగురు ఎర్రబడి, బ్రష్ చేసినప్పుడల్లా రక్తం వస్తుంది. బాండింగ్ అయిన రోజే ఫ్లాస్ దారం దింపి చూడమనండి. చిరగకుండా, ఎక్కడా ఇరుక్కోకుండా దిగాలి.

మచ్చల సంగతికి వద్దాం. ఇవి పన్ను ఎముకలో తయారవుతున్న వయసులో పడ్డవి. ఇప్పుడు నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు, ఇప్పుడు తాగే నీళ్ళ వల్ల కొత్తగా పుట్టవు కూడా. గోధుమ చారలకు మైక్రోఅబ్రేషన్ చేస్తారు. 6.6 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్, సిలికాన్ కార్బైడ్ పొడి కలిసిన పేస్టుని నెమ్మదిగా తిరిగే రబ్బరు కప్పుతో పట్టించి, కొద్దికొద్దిసేపు చొప్పున చేసి, ప్రతిసారీ కడిగి చూస్తారు. మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే పదిలో రెండు వంతులు ఎనామిల్ పోతుంది. రబ్బరు డ్యామ్ (పళ్ళ చుట్టూ కట్టే రబ్బరు తెర) లేకుండా ఇది చేయకూడదు, చిగురు కాలుతుంది. విరిగిన మూలలో పసుపచ్చ డెంటిన్ (ఎనామిల్ కింది పొర) కనబడుతుంటే, దాన్ని ముందే గ్లాస్ అయనోమర్ సిమెంటుతో తాత్కాలికంగా మూయించుకోండి. లేకపోతే తర్వాతి బ్లీచింగ్‌లో పన్ను ప్రాణం పోయేలా జివ్వుమంటుంది.

తర్వాత ఇంట్లో చేసుకునే బ్లీచింగ్. మీ పళ్ళ అచ్చు తీసి చేసిన పల్చటి ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ని ఒక్కో పంటి గదికి బియ్యపుగింజంత వేసి, రాత్రిళ్ళు రెండు మూడు వారాలు పెట్టుకోవాలి. మొదటి రోజుల్లో తెల్ల మచ్చలు ఇంకా ఎక్కువ తెల్లగా కనబడి భయపెడతాయి. చుట్టూ ఉన్న పన్ను కూడా తెల్లబడేసరికి తేడా తగ్గుతుంది. పళ్ళు జివ్వుమంటే ఒక రాత్రి ఆపి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. బ్లీచింగ్ ఆపాక కనీసం రెండు వారాలు బాండింగ్ చేయించుకోకూడదు. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ని సరిగా గట్టిపడనివ్వదు, పట్టు బలహీనపడుతుంది. రంగు స్థిరపడటానికీ ఆ గడువు కావాలి. బాండింగ్ చేశాక బ్లీచ్ చేస్తే పన్ను తెల్లబడుతుంది, కాంపోజిట్ తెల్లబడదు. మొదట్లో బాండింగ్ చివర్న అన్నది అందుకే.

అప్పటికీ మిగిలిన తెల్ల మచ్చలకు రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది, ఐకాన్ పేరుతో దొరుకుతుంది. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ జెల్ రెండు నిమిషాలు ఉంచి కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టి, నీళ్ళలాంటి రెజిన్‌ని మూడు నిమిషాలు ఇంకనిచ్చి, గట్టిపడటానికి నీలి లైటు పెడతారు. ఆల్కహాల్ వేసినప్పుడు మచ్చ మాయమైనట్టు కనబడితే ఫలితం బాగుంటుందని అర్థం. కనబడకపోతే ఆసిడ్ మరోసారి పెట్టాలి. పైపైన ఉన్న మచ్చలకు బాగా పనిచేస్తుంది, లోతైన వాటికి పూర్తిగా కాదు.

బాండింగ్ రోజు ఏం జరగాలో వివరంగా రాస్తున్నాను, కుర్చీలో కూర్చున్నప్పుడు మీకు తెలియాలి. దానికి వారం ముందే క్లీనింగ్ అయిపోయి, చిగుళ్ళ నుంచి రక్తం రావడం ఆగి ఉండాలి. అచ్చు మీద మైనంతో కొత్త పళ్ళ ఆకారం చేసి, దాని లోపలి వైపు నుంచి సిలికాన్ పుట్టీ అచ్చు తీసుకుంటారు. ఆ మైనం ఆకారాన్ని ఆసిడ్ లేకుండా మీ పళ్ళ మీద తాత్కాలికంగా వేసి చూపించమనండి. అద్దంలో చూడండి, నవ్వండి, మాట్లాడండి, ఫోనులో వీడియో తీసుకోండి. ఆకారం మార్చుకునే అవకాశం ఉన్నది అప్పుడే.

రంగు ఎంపిక కుర్చీలో కూర్చున్న మొదటి ఐదు నిమిషాల్లోనే జరగాలి, పళ్ళు తడిగా ఉన్నప్పుడు. రబ్బరు డ్యామ్ కట్టి అరగంట అయితే పన్ను ఆరిపోయి తెల్లగా కనబడుతుంది. అప్పుడు రంగు చూసి వేస్తే, మర్నాటికి పన్ను తన రంగుకి వస్తుంది, కాంపోజిట్ మాత్రం సుద్దముక్కలా తేలిపోతుంది. లిప్‌స్టిక్ తుడిచేసి, బల్బు కాకుండా కిటికీ వెలుతురులో చూడాలి. షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనాల వరుస) ఒక్కటే చాలదు. నాలుగైదు రకాల కాంపోజిట్ చుక్కలు పంటి మీదే పెట్టి, లైటుతో గట్టిపరిచి పోల్చాలి. కొన్ని కాంపోజిట్లు గట్టిపడ్డాక రంగు కాస్త మారతాయి, పచ్చిగా చూస్తే మోసపోతారు.

ఆ తర్వాత పళ్ళని పొడిగా ఉంచడం. లాలాజలం, చిగురు నుంచి ఊరే తేమ, ఊపిరి తడి, రక్తం, వీటిలో ఏదైనా ఆసిడ్ పెట్టిన ఎనామిల్‌ని తాకితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. విరిగిన మూల దగ్గర 1 నుంచి 2 మి.మీ. మేర అంచుని ఏటవాలుగా చెక్కుతారు. పట్టు పెరుగుతుంది, అతుకు గీత కనబడదు. సందు వైపు గరుకు చేస్తే చాలు. ఆసిడ్, కడగడం, ఆరబెట్టడం. డెంటిన్ మీద మాత్రం ఆసిడ్ 15 సెకన్లు దాటకూడదు. బాండ్ ద్రవాన్ని 20 సెకన్లు రుద్ది, గాలితో పల్చన చేసి లైటు పెట్టాలి. పుట్టీ అచ్చులో అర మిల్లీమీటరు పొరతో లోపలి గోడ, దాని మీద డెంటిన్ రంగు, పైన ఎనామిల్ రంగు. లోపల డెంటిన్ రంగు లేకుండా ఎనామిల్ రంగు ఒక్కటే వేస్తే, నోటి చీకటి వెనకనుంచి కనబడి విరిగిన చోటు బూడిద రంగులో ఉంటుంది. ఏ పొరా 2 మి.మీ. మందం దాటకూడదు, నీలి వెలుతురు అంతకంటే లోతుకు సరిగా దిగదు. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది కూడా, పల్చటి పొరలుగా వేస్తే ఆ లాగుడు తగ్గుతుంది.

చివరి పొర మీద గ్లిజరిన్ జెల్ రాసి మరోసారి లైటు పెట్టాలి. గాలిలోని ఆక్సిజన్ తగిలిన పైపొర జిగటగా మిగిలిపోతుంది. దాన్ని తీయకుండా వదిలితే టీ మరకలు మొదట పట్టేది అక్కడే. ఆ తర్వాత గరుకు డిస్కు నుంచి నున్నని డిస్కు దాకా వరుసగా, పళ్ళ మధ్య స్ట్రిప్పులతో, చివర్న పాలిషింగ్ పేస్టుతో మెరుగు పెట్టడం. ఈ పనికి ఎంత టైము ఇచ్చారన్నదే రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందో చాలావరకు తేలుస్తుంది. రెండు పళ్ళకు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అరగంటలో రెండు పళ్ళూ అయిపోతాయన్న చోట ఈ దశల్లో కొన్ని వదిలేస్తున్నారని అర్థం చేసుకోండి. మత్తు ఇంజెక్షను చాలాసార్లు అక్కర్లేదు. కుర్చీ దిగేముందు రంగు కాగితం కొరికించి, కింది దవడని ముందుకీ పక్కలకీ జరిపించి, కొత్త అంచు మీద ఒత్తిడి పడకుండా చూడాలి. కొత్త మూలలు విరిగేది ఎక్కువగా ఈ పరీక్ష వదిలేసిన చోటే. వారం పది రోజులకు మళ్ళీ వెళ్ళి, తడి పట్టిన పళ్ళతో రంగు సరిచూసుకుని, ఫైనల్ పాలిష్ చేయించుకోండి.

లవంగ నూనె గురించి ఒక మాట. పన్ను జివ్వుమందని ఆ రోజుల్లో విరిగిన చోట లవంగ నూనె పెట్టొద్దు. అందులోని యూజినాల్ రెజిన్‌ని గట్టిపడనివ్వదు. యూజినాల్ ఉన్న తాత్కాలిక ఫిల్లింగ్ కూడా వద్దు.

ముక్క విరిగింది దెబ్బ తగలడం వల్లే అయితే, ఆ పంటికి ప్రాణం ఉందో లేదో చల్లటి పరీక్షతో, ఎక్స్-రేతో చూడాలి. పక్క పంటి కంటే బూడిద రంగులోకి తిరిగి ఉంటే లోపల నరం చచ్చి ఉండొచ్చు. రూట్ కెనాల్, లోపలి బ్లీచింగ్ అయ్యాకే దాని మీద బాండింగ్ చేయించుకోవాలి.

నాలుగు నెలల్లో ఇలా సర్దుకోవచ్చు. మొదటి వారం ఎక్స్-రే, క్లీనింగ్, ఫొటోలు, అచ్చులు. రెండో వారం మైక్రోఅబ్రేషన్. మూడో వారం నుంచి ఐదో వారం దాకా బ్లీచింగ్. ఆరు, ఏడు వారాలు ఖాళీ, ఆ మధ్యలో మైనం ఆకారం చూసుకోవడం. ఎనిమిదో వారం బాండింగ్, తొమ్మిదో వారం ఫైనల్ పాలిష్. పెళ్ళికి ఇంకా దాదాపు రెండు నెలలు మిగులుతాయి, ఎక్కడైనా అంచు తగిలితే సరిచేయించుకోవచ్చు.

తర్వాతి జాగ్రత్తల్లో అసలైనది ముందు పళ్ళతో ఏం కొరుకుతున్నారన్నది. చెరకు గడ, పచ్చి జామకాయ, మామిడి టెంక, ఎముక, గట్టి జంతికలు, గోళ్ళు, దారం, సీసా మూతలు వీటికి ముందు పళ్ళు వాడొద్దు. జామకాయ ముక్కలు కోసుకుని దవడ పళ్ళతో నమలండి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు) తప్పనిసరి, అది లేకుండా బాండింగ్ చేయించుకోవడం డబ్బు వృథా. మొదటి రెండు రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువున్న కూరలు తగ్గించండి. గుట్కా, కిళ్ళీ, సిగరెట్టు ఉంటే రంగు గురించి ఎవరూ మాట ఇవ్వలేరు. బొగ్గు పేస్టులు, గరుకు పళ్ళపొడులు మెరుపుని గీసేస్తాయి. వేపపుల్ల అంచుల మీద గట్టిగా రుద్దకండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడితే కాంపోజిట్ అంచుల వెంట గోధుమ రంగు పడుతుంది. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి పాలిష్ చేయిస్తే చాలా మరకలు అక్కడే పోతాయి. అంచు వెంట సన్నని గోధుమ గీత పాలిష్‌తో పోకపోతే, లోపలికి తేమ దిగుతున్నట్టు. ఆ భాగం తీసి మళ్ళీ వేయించుకోవాలి.

డబ్బు గురించి: ధర పంటికి ఇంత అని చెప్తారు. ఆ లెక్కలో మైనం ఆకారం, తర్వాతి పాలిష్, మొదటి ఏడాదిలో అంచు విరిగితే రిపేరు కలిసి ఉన్నాయా అని ముందే అడగండి. అంతకు ముందు ఆ డాక్టరే సందు మూసిన కేసుల ఫొటోలు, చేసిన రోజువి కాకుండా ఏడాది తర్వాతవి, చూపించమనండి. ఈ పనిలో కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ ఎండీఎస్ చేసినవారికి శిక్షణ ఎక్కువ ఉంటుంది, మంచి చేయి ఉన్న బీడీఎస్‌లు కూడా ఉన్నారు. బ్యూటీ పార్లర్లలో అంటించే రెడీమేడ్ వెనీర్ల జోలికి అసలు పోవద్దు. పని అయ్యాక వాడిన కాంపోజిట్ కంపెనీ, రకం, ఏ పొరకి ఏ షేడ్ అనేది కాగితం మీద రాయించుకుని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు వేరే ఊరిలో, వేరే దేశంలో మూల విరిగినా, ఆ చీటీ చూసి అక్కడి డాక్టరు అదే రంగు కలపగలరు. ఒకవేళ ముక్క దొరికితే పారేయకుండా నీళ్ళలో వేసి తీసుకెళ్ళండి. ఊడింది కాంపోజిటా, పన్నా అన్నది దాన్ని చూస్తేనే తెలుస్తుంది. పంటి ముక్కే అయితే దాన్నే తిరిగి అంటించొచ్చు.